తప్పడం రాని మనిషి

హైస్కూలు చివరి పరీక్షలో మన పిల్లలు పెద్ద సంఖ్యలో తప్పుతున్నారన్న విషయాన్ని ప్రభుత్వం తీవ్రంగా పరిగణించి, లోపం పరీక్షదేనని నిర్ధారణకు వచ్చి, దాన్ని సరిదిద్దడానికి పదకొండు మందితో ఒక సంస్కరణ సంఘాన్ని నియమించింది. ఆ పదకొండు మందిలో గత ఇరవై ఏళ్ళలో తరగతి గదిలో కాలు పెట్టినవారు ఒక్కరూ లేరు. కాబట్టి వారికి ఎలాంటి దురభిప్రాయాలూ లేవు. అధ్యక్షులవారు చేపల శాఖలో ఉన్నత పదవి నిర్వహించి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఒకప్పుడు చెరువుల్లో చేపలు తగ్గిపోతే, లెక్కించే పద్ధతి మార్చి ఏడాది తిరిగేసరికి వాటి సంఖ్య రెట్టింపు చేసిన అనుభవం ఆయనది.

అంతకుముందు జరిగిన లెక్కల పరీక్షలో నూటికి నలభై రెండు మంది తప్పారు. సంఘం ముందు మూడు మార్గాలున్నాయి. పిల్లలకి లెక్కలు చెప్పించడం మొదటిది. దానికి చాలా కాలం పడుతుంది గనక మొదటి సమావేశంలోనే, టీ రాకముందే, పక్కన పెట్టారు. ప్రశ్నపత్రం తేలిక చెయ్యడం రెండోది. అది గత నాలుగేళ్ళుగా చేస్తూనే ఉన్నారు. పిల్లలు దానికి తగ్గట్టుగా తేలికవుతూనే ఉన్నారు. మూడో మార్గం పరీక్ష తీసెయ్యడం. అసలు లెక్కల టీచరు లేని బడులు ఎన్ని ఉన్నాయని ఒక సభ్యురాలు అడిగారు. అది సంఘం పరిధిలోకి రాదని అధ్యక్షులవారు మృదువుగా గుర్తు చేశారు. ఆవిడ అనారోగ్య కారణాల వల్ల తర్వాతి సమావేశాలకు హాజరు కాలేకపోయారు. ఆవిడ ఆరోగ్యం బాగానే ఉందని మనవి.

ఈ సంస్కరణ వల్ల కోట్లమంది బాగుపడ్డారు. బాగుపడడం చేతకాని ఒక మనిషి గురించి మాత్రమే నేనిప్పుడు చెప్పబోతున్నాను. నేను ఊళ్ళో పెద్దాసుపత్రిలో రికార్డుల గదిలో పనిచేస్తాను. మా గది పక్కనే బట్టల గది. అక్కడ పనిచేసే ఆవిడని డాక్టర్ల దగ్గర్నుంచి స్ట్రెచర్లు తోసేవాళ్ళ దాకా అందరూ దుప్పట్లక్క అంటారు. ఆవిడ వయసు నలభై పైచిలుకు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఒక్కతే కూతురు, మా అబ్బాయీ ఆ అమ్మాయీ ఆ ఏడాదే హైస్కూలు చివరి తరగతిలో ఉన్నారు.

బట్టల గదిలో తెల్లవారుజాము నుంచే ఆవిరి కమ్ముకుని ఉంటుంది. ఉతికిన దుప్పట్లు చక్రాల బుట్టల్లో వస్తాయి. పొడుగాటి బల్ల మీద వాటిని మడిచి, వార్డుల వారీగా అరల్లో పేర్చాలి. ఆపరేషన్ గదికి వెళ్ళే ఆకుపచ్చ గుడ్డలు వేరు, పిల్లల వార్డుకి వెళ్ళే పొట్టి దుప్పట్లు వేరు, మరకలు వదలనివి వేరు. ఏ వార్డులో ఎన్ని మంచాలు, ఏ రోజు ఎన్ని మారతాయి, ఎన్ని ఉతుకులో ఉన్నాయి, ఎన్ని చిరుగుల్లో పోయాయి, అన్నీ దుప్పట్లక్క నోటి మీదే ఉండేవి. ఆ గదికి ఇన్‌చార్జిగా ఉన్న పెద్దావిడ పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా ఆ పని చేస్తున్నది దుప్పట్లక్కే. కానీ ఆ కుర్చీలో కూర్చోవాలంటే హైస్కూలు పాసై ఉండాలని నిబంధన. ఆవిడ మిగతా సబ్జెక్టులన్నీ మొదటిసారికే గట్టెక్కి, లెక్కల్లో మాత్రం ఆరుసార్లు తప్పింది. అందుచేత ఆ పని నిలబడి చేసేది. కుర్చీ ఖాళీగా ఉండేది.

రోజంతా లెక్కపెట్టే మనిషి లెక్కల్లో తప్పడమేమిటని మీరు అడగవచ్చు. ఆవిడ బడికి వెళ్ళిన రోజుల్లో లెక్కలు చెప్పింది డ్రిల్లు మాస్టరు. ఆయన ఆల్జీబ్రా వచ్చినప్పుడల్లా పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్ళి పరుగెత్తించేవాడు. అప్పట్నుంచీ ఆవిడకి ఎక్స్ కనబడితే పరుగెత్తాలనిపించేది.

ఏడోసారి పరీక్షకి కట్టేముందు కూతురు ఆవిడని లెక్కల మేష్టారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మా హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు చెప్పి రిటైరైన మనిషి. ఆయన స్థానంలో ఇంకొకరిని వెయ్యలేదు. ఆయన కుర్చీ మీద ఇప్పుడు సుద్దముక్కల డబ్బాలు పెడుతున్నారు. ఆదివారం పొద్దున లైబ్రరీ వెనక గదిలో, ఎవరొస్తే వాళ్ళకి, ఊరికే చెబుతుండేవాడు. ఆ రోజుల్లో వచ్చేది ఈ తల్లీకూతుళ్ళు ఇద్దరే.

మొదటి రోజు మేష్టారు పుస్తకం తెరవలేదట. మీ గదిలో మొత్తం దుప్పట్లెన్ని అని అడిగాడు. రెండొందల పది అంది. అరల్లో ఎనభై ఉంటే ఉతుకులో ఎన్ని ఉన్నట్టు? నూట ముప్ఫై అని వెంటనే చెప్పేసింది.

"అదేనమ్మా ఎక్స్ అంటే," అన్నాడు మేష్టారు.

ఆవిడ మూసి ఉన్న పుస్తకం వైపు చూసింది. తర్వాత అంది: "ఇంతేనా సార్? ఇన్నేళ్ళ నుంచీ రోజూ వీణ్ణేనా నేను ఉతుక్కి పంపుతున్నది?"

ఆ తర్వాత ఏడు నెలలు లైబ్రరీ గదిలో బల్ల ముందు తల్లీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని లెక్కలు చేశారు. ఆసుపత్రిలో ఆవిణ్ణి నేను రికార్డుల గదిలోంచి చూసేవాణ్ణి. దుప్పట్లు మడుస్తూ పెదవులు కదుపుతుండేది. ప్రార్థన చేస్తోందేమో అనుకున్నాం. సమీకరణాలని తర్వాత తెలిసింది.

ఈలోగా సంస్కరణ సంఘం ప్రజాభిప్రాయ సేకరణకి మా ఊరొచ్చింది. టౌన్‌హాలు కిక్కిరిసిపోయింది. తల్లిదండ్రుల్లో నేనూ ముందు వరసలోనే ఉన్నాను. మా అబ్బాయికి అర్ధసంవత్సరం పరీక్షలో లెక్కల్లో పంతొమ్మిది వచ్చాయి. అందువల్ల విద్యాసంస్కరణల మీద నాకు ఆ మధ్యే ఆసక్తి కలిగింది.

అధ్యక్షులవారు గంటన్నర మాట్లాడారు. "పరీక్ష ఒక గోడ! గోడకి అటువైపు భవిష్యత్తు, ఇటువైపు మన బిడ్డలు. గోడ ఎక్కడం నేర్పించండి అంటారు కొందరు. నేను అడుగుతున్నాను, మనం పిల్లల్ని పెంచుతున్నామా, కోతుల్నా? గోడ కూల్చండి! ఏ పిల్లవాడూ తప్పు కాదు. తప్పని పిల్లవాడే రేపటి పౌరుడు!" హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. నా చేతులు సాయంత్రం దాకా మండాయి.

తర్వాత బాధితుల వంతు వచ్చింది. ఆరుసార్లు తప్పిన వ్యక్తిగా దుప్పట్లక్కకి రెండు నిమిషాలు కేటాయించారు. ఆవిడ మైకు ముందు నిలబడి, చీర కొంగు సర్దుకుని, మెల్లగా చెప్పింది.

"నమస్కారమండీ. నాకు లెక్కలు రావనే అనుకున్నాను. చెప్పేవాళ్ళు లేక రాలేదంతే. చెప్పాక వస్తున్నాయి. పరీక్ష ఉంచండి. చెప్పేవాళ్ళని వెయ్యండి. మాకు ఒకాయన దొరికాడు. అందరికీ దొరకరు కదా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనకాల కూర్చున్న మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆవిడ మాటల్ని సంఘం తన నివేదిక నూట పదహారో పేజీలో పొందుపరిచింది: "ఆరుసార్లు అనుత్తీర్ణురాలైన ఒక శ్రామిక మహిళ, తనకు లెక్కలు రావని కన్నీటితో అంగీకరించి, సంస్కరణలను హృదయపూర్వకంగా బలపరిచినది." కన్నీళ్ళు మేష్టారివి. ఇంత పెద్ద నివేదికలో అంత చిన్న పొరపాటు సహజం.

దుప్పట్లక్క ఏడోసారి పరీక్ష రాసింది. పరీక్షకీ ఫలితాలకీ మధ్య రెండు నెలల్లో సంఘం నివేదిక ఇచ్చింది, ప్రభుత్వం ఆమోదించింది. ఉత్తర్వు వెలువడిన రోజూ, పరీక్ష ఫలితాలు వచ్చిన రోజూ ఒకటే. పాత పరీక్ష రద్దు. దాని స్థానంలో సంసిద్ధతా పత్రం. బడిలో ఉన్న పిల్లలు ఈ పత్రం పొందాలంటే ఐదు పేజీల మనోగత ఫారం నింపాలి. లెక్కలకి సంబంధించి అందులో ఒకటే ప్రశ్న: "గణితం గురించి మీకేమనిపిస్తుంది?" ఇక బడి బయట, గత పదేళ్ళలో పరీక్ష తప్పినవాళ్ళందరికీ ఏ ఫారమూ అక్కర్లేకుండా పత్రం ఇంటికే వస్తుంది.

ఆ ఏడు ఉత్తీర్ణత నూటికి నూట మూడు శాతంగా నమోదైంది. రెండుమూడుసార్లు తప్పినవాళ్ళకి రెండుమూడు పత్రాలు వెళ్ళడం వల్ల అలా జరిగింది. ఆ మిగిలిన మూడు శాతాన్ని తగ్గించాలని ఎవరో సూచించారు గానీ, నూటికి నూరు కన్నా నూట మూడు ఎక్కువో తక్కువో తేల్చడానికి ఒక ఉపసంఘం వెయ్యాల్సి వచ్చింది.

మా అబ్బాయి ఫారం నేనే నింపాను. ఐదు పేజీలు చదివే ఓపిక వాడికి లేదు. దుప్పట్లక్క కూతురు మాత్రం తనే నింపి చిక్కులో పడింది. గణితం గురించి ఏమనిపిస్తుంది అన్నచోట ఆ పిల్ల ఒక సిద్ధాంతం రాసి, దానికి తనకి తోచిన కొత్త నిరూపణ రాసింది. "భావోద్వేగం లోపించింది, తిరిగి సమర్పించవలెను" అని ఎర్ర సిరాతో వెనక్కి వచ్చింది. రెండోసారి ఆ గడిలో "ఏడుపొస్తోంది" అని ఒక్క మాట రాసి పంపింది. అత్యుత్తమ శ్రేణి ఇచ్చారు.

దుప్పట్లక్కకి లెక్కల్లో నలభై మూడు వచ్చాయి. పాసు మార్కు ముప్ఫై అయిదు. ఆ మాట తెలిసిన పొద్దున ఆవిడ పని ఆపలేదు. ఒక దుప్పటి మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. తర్వాత మా గది గుమ్మంలోకి వచ్చి, "నలభై మూడంట సార్," అని మళ్ళీ వెళ్ళిపోయింది. ఆసుపత్రి మొత్తానికి ఆ రోజు మిఠాయి పంచినవాడు భర్త. డిపో బట్టలు కూడా మార్చుకోకుండా, గ్రీజు చేతులతోనే వచ్చాడు.

ఇన్‌చార్జి పోస్టు భర్తీకి నెలలోగా పత్రం చూపించాలని ఆసుపత్రి నోటీసు పెట్టింది. దుప్పట్లక్క ఒకరోజు సెలవు పెట్టి, మార్కుల కాగితం పట్టుకుని పరీక్షల కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి గుమాస్తా మంచివాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, పరిస్థితి విడమరిచి చెప్పాడు. పత్రాలు ఇచ్చేది రెండు వర్గాలకే. బడిలో ఉన్నవాళ్ళకి, బయట ఉండి తప్పినవాళ్ళకి. బయట ఉండి పాసైనవాళ్ళ గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. పాసైనవాళ్ళకి సహాయం ఎందుకని సంఘం భావించి ఉండవచ్చు.

అయితే ఈ నలభై మూడు మార్కుల సంగతేమిటని ఆవిడ అడిగింది. పరీక్షే రద్దయింది గనక అందులో పాసు కూడా రద్దయినట్టేనన్నాడు. పోనీ, అంతకుముందు ఆరుసార్లు తప్పాను కదా, అందులో ఒకదాని మీద ఇవ్వండి అని బతిమాలింది. గుమాస్తా రిజిస్టరు తిరగేసి విచారంగా తల ఊపాడు.

"కుదరదక్కా. మీరు పాసవగానే ఆ ఆరూ కొట్టేశారు. ఇప్పుడు మీ పేరు మీద ఒక్క ఫెయిలు కూడా లేదు."

"మరి నేనేం చెయ్యాలి తమ్ముడూ?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. మార్కులు తగ్గించమని విన్నపం పెట్టుకోవచ్చన్నాడు. తొమ్మిది మార్కులు పోతే చాలు, ముప్ఫై నాలుగు, హాయిగా తప్పినట్టు. పత్రం వారంలో ఇంటికి. ఇలాంటివాళ్ళు దేశం మొత్తం మీద రెండు వందల మంది తేలారని, వాళ్ళకోసమే అనుత్తీర్ణతా నిర్ధారణ విభాగమని ఒకటి తెరిచారని చెప్పి, ఫారం కూడా తనే ఇచ్చాడు.

ఆ ఆదివారం లైబ్రరీ గదిలో ఆవిడ జవాబుల నకలు ముందు పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు. తొమ్మిది మార్కుల తప్పులు ఎక్కడైనా దొరుకుతాయేమోనని మేష్టారు ఎర్ర పెన్ను పట్టుకున్నాడు. గంటసేపు వెతికాక, దిద్దినవాళ్ళు ఒకచోట మూడు మార్కులు తక్కువ వేశారని బయటపడింది. నిజానికి నలభై ఆరు రావాలి. మేష్టారు పెన్ను మూసేశాడు. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ ఒక పిల్లని తప్పించడానికి పెన్ను పట్టుకోలేదని, ఈ పని తనవల్ల కాదని అన్నాడు. కూతురికి ఒళ్ళు మండిపోయింది. ఫారం చింపెయ్యమంది. దుప్పట్లక్క మాత్రం ఫారం జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.

"చదువు ఎక్కడికీ పోదు మేష్టారూ. వచ్చింది వచ్చిందే. కాగితం మీద తప్పితే నాకేం పోయింది? ఆరేళ్ళ నుంచి నిలబడి ఉన్నాను. కాళ్ళు నొప్పులు."



విచారణ రోజున ఆవిడ సర్వీసు ఫైలు పట్టుకుని ఆసుపత్రి తరఫున నేను వెళ్ళాల్సి వచ్చింది. అందుకే ఈ భాగం నేను కళ్ళారా చూసిందే. పొడుగాటి గది, ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్ల, బల్ల వెనక అధ్యక్షులవారు, చెరోపక్కా ఒక్కో సభ్యుడు. విన్నపం పెట్టుకున్నవాళ్ళు నిజంగా తప్పదగినవారేనా అని పరిశీలించే బాధ్యతను అధ్యక్షులవారు స్వయంగా తీసుకున్నారు. పద్ధతి సులువైనదే. మూడు నోటిలెక్కలు అడుగుతారు. అందులో రెండైనా తప్పు చెబితే అనుత్తీర్ణత ఖాయమైనట్టు. ఏది అడిగినా "పది" అని చెప్పెయ్యమని గుమాస్తా ముందే ఉపదేశించాడు. బస్సులో దారిపొడుగునా ఆవిడ పది, పది అని గొణుక్కుంటూనే వచ్చింది.

ఫైలు తిరగేసి, ఆవిడ ఎక్కడ పనిచేస్తుందో చూసి, అధ్యక్షులవారు ప్రేమగా తెలిసిన లెక్కే అడిగారు. ఒక వార్డులో ఇరవై నాలుగు మంచాలు. మంచానికి రెండు దుప్పట్లు. మొత్తం ఎన్ని?

దుప్పట్లక్క నోరు తెరిచింది. మూసింది. బల్ల మీది గుడ్డ వైపు చూసింది.

"నలభై ఎనిమిది," అంది. ఊరుకోక, "పైన ఓ ఆరు అదనంగా ఉంచాలండీ, మార్చాల్సి వస్తుంది," అని కూడా చెప్పింది.

ఫరవాలేదన్నారు అధ్యక్షులవారు. కంగారు పడుతున్నారన్నారు. తొందరేమీ లేదు, నిదానంగా ఆలోచించి తప్పు చెప్పవచ్చన్నారు. రెండో ప్రశ్న. ఆ దుప్పట్లలో నాలుగో వంతు చిరిగిపోతే మిగిలినవెన్ని? గుమ్మం దగ్గర నిలబడ్డ గుమాస్తా రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చూపించాడు. ఆవిడ ఆ వేళ్ళు చూసింది. పెదవి కొరుక్కుంది.

"ముప్ఫై ఆరు," అంది, తప్పు చేసినదానిలా.

నిబంధన ప్రకారం విచారణ అక్కడితో ముగియాలి. కానీ అధ్యక్షులవారిది జాలిగుండె. ఇంకో అవకాశం ఇస్తానని, ఈసారి తనకే జవాబు తెలియనంత కష్టమైన ప్రశ్న వేశారు. పదిహేడు పదమూళ్ళెంత? ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండొందల ఇరవై ఒకటి అంది. సభ్యులు కాగితం తీసుకుని చాలాసేపు వేశారు. చివరికి ఓటింగు పెట్టారు. ఇద్దరు సరైనదేనన్నారు, ఒకరు తటస్థంగా ఉండిపోయారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు అధ్యక్షులవారు, నిజంగానే బాధపడుతూ. "మీ మేలు కోసమే కదా మేం ఇంత శ్రమపడుతున్నది?"

"తప్పు చెబుదామనే వచ్చాను సార్. పొద్దున్నించీ పది పది అనుకుంటూనే ఉన్నాను. కానీ మీరు ఇరవై నాలుగు మంచాలు అన్నారు కదా. పదీ అంటే, మిగతా మంచాల మీదవాళ్ళు కనబడ్డారు. ఒట్టి పరుపుల మీద. నోరు రాలేదు."

"అభ్యర్థిని, తప్పడానికి మూడు అవకాశాలు ఇచ్చినా, సద్వినియోగం చేసుకోలేకపోయినది," అని రాసి సంతకాలు పెట్టారు.

బయట మెట్ల మీద కూతురు ఎదురుచూస్తోంది. తల్లి వచ్చి పక్కన కూలబడింది. ఏమైందమ్మా అంది కూతురు.

"తప్పలేకపోయానే," అంది దుప్పట్లక్క. అని, ముందు నవ్వింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి కూతురు తల్లి తలని భుజానికి ఆనించుకుని పట్టుకుంది. నేను ఫైలు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాను. ఫైల్లో ఆవిడ ఆరేళ్ళలో ఒక్క దుప్పటి కూడా పోగొట్టలేదని రాసి ఉంది. ఆ పేజీ ఎవరూ అడగలేదు.

ఇన్‌చార్జి కుర్చీ లిఫ్టు నడిపే కుర్రాడికి దక్కింది. మూడుసార్లు తప్పినవాడు గనక అతని దగ్గర మూడు పత్రాలున్నాయి. అంత అర్హత గల మనిషి ఆసుపత్రిలో ఇంకొకరు లేరు. కుర్రాడు చెడ్డవాడు కాదు. మొదటి రోజే ఆవిడ దగ్గరికి వెళ్ళి, డజను అంటే పన్నెండేనా, సంస్కరణల్లో ఏమైనా మారిందా అని వినయంగా అడిగాడు. ఆ తర్వాత ఆవిడ లెక్కపెట్టేది, అతను సంతకం పెట్టేవాడు. ఆవిడ జ్వరంతో రాని ఒక్కరోజు ఆపరేషన్ గదికి ఆకుపచ్చ గుడ్డల బదులు పిల్లల వార్డు దుప్పట్లు వెళ్ళాయి. బొమ్మలున్న దుప్పటి ముందు సర్జనుగారు అరపూట చేతులు కట్టుకుని నిలబడ్డారు. జ్వరాలకు ముందస్తు అనుమతి తీసుకోవాలని దుప్పట్లక్కకి హెచ్చరిక వెళ్ళింది.

కొన్నాళ్ళకి ఒక అనుకోని పరిణామం జరిగింది. బస్సు డిపోవాళ్ళు సంసిద్ధతా పత్రాలన్నీ తీసుకుని, భద్రంగా బీరువాలో పెట్టి, ఆపైన అభ్యర్థులకి తామే ఓ లెక్కల పరీక్ష పెట్టారు. తర్వాత మందుల కొట్లవాళ్ళు పెట్టారు. తర్వాత మా ఆసుపత్రి నర్సింగు కాలేజీ పెట్టింది. దుప్పట్లక్క కూతురు అందులో మొదటి స్థానంలో వచ్చి చేరింది. మా అబ్బాయి ఎనిమిది చోట్ల రాసి, ఎనిమిది చోట్లా తన మనసులో ఏమనిపిస్తుందో ఎవరూ అడగలేదని అలిగి ఇంట్లో కూర్చున్నాడు.

అప్పుడు ఊరంతటికీ ఆదివారాలూ లైబ్రరీ వెనక గదీ గుర్తొచ్చాయి. అంత దూరం నుంచీ మొదట వచ్చింది అధ్యక్షులవారి కారు. దిగింది వారి మనవడు. ఆ తర్వాత మేమందరం. నలభై మంది పట్టే గదికి నూట డెబ్భై మంది చేరేసరికి మేష్టారు ఏంచెయ్యాలో తోచక, చిన్న ప్రవేశ పరీక్ష పెట్టాడు. పది లెక్కలు. నిజంగా నేర్చుకోవాలన్న తపన ఉన్నవాళ్ళని ఏరడానికట. ఆయనకి చూపు ఆనడం లేదు గనక పేపర్లు దిద్దేది దుప్పట్లక్క. ఒక్కో పేపరూ తీరిగ్గా చూస్తుంది, ఎక్కడ తప్పారో పక్కన రాసి చూపిస్తుంది, మళ్ళీ వచ్చే ఆదివారం రాయమంటుంది. మా అబ్బాయికి పదికి రెండు వేసింది. ఆ రెండూ ఎందుకు వేసిందో కూడా వివరంగా రాసింది. అధ్యక్షులవారి మనవడికి మూడు.

ఈ అన్యాయాన్ని చూస్తూ ఊరుకోలేక తల్లిదండ్రులమంతా ఒక విన్నపం తయారుచేశాం. ఇలాంటివి రాయడంలో అనుభవం ఉంది గనక అధ్యక్షులవారే స్వయంగా రాసిపెట్టారు. లైబ్రరీ గదిలో పెట్టే పరీక్ష పసిమనసుల మీద గోడలా నిలుస్తున్నదనీ, దాన్ని తక్షణం రద్దు చెయ్యాలనీ అందులో కోరాం. పేపర్లు దిద్దే మనిషికి హైస్కూలు పత్రం కూడా లేదన్నది మా ప్రధాన అభ్యంతరం. మొదటి సంతకం నేను పెట్టాను, రెండోది అధ్యక్షులవారు. మీ ఇంట్లోనూ పిల్లలున్నారు గనక, కింద మీకోసం చోటు వదిలాం.